అమ్మ చెప్పిన వంశావళి

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

"స్త్రీ - విద్య - కుటుంబం" అనే విషయాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసిందిగా ఉత్సవ నిర్వాహకులు నన్ను ఆదేశించినారు. ఇటువంటి విషయంపై పుస్తకాలలోని మాటలు ఎన్నైనా చెప్పవచ్చును. అయితే డెబ్బది ఐదేండ్ల పండుగ జరుపుకొనే ఇంటిలో పుస్తకాల మాటలకంటే ఇంటిమాటలే శోభిస్తాయని నా అభిప్రాయం. అందుచేత మా అమ్మను గూర్చి, ఆమె వలన నేను తెలిసికొన్న మా వంశాన్ని గూర్చి చెప్పదలచినాను. ఇది నా ఒక్కదాని కథ కాదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు ఇండ్లలో పేరు మార్చి, ఊరు మార్చి చెప్పుకొంటే ఎవరింటికైనా సరిపోయే కథ.

ఈ ఉత్సవాలకై మన పాఠశాల పాత ప్రవేశ పట్టికలను నేను తిరగవేసినాను. అట్టలు ఊడి, అంచులు చెదలు తిన్న ఆ పట్టికలలో విద్యార్థి పేరు, పుట్టినతేదీ, ఊరు, "తండ్రి లేక సంరక్షకుని పేరు" అని గడులున్నాయి. తల్లి పేరుకు గడి లేదు. తండ్రి లేని పిల్లల విషయంలో మాత్రమే, అదీ మేనమామలు, పెదనాయనలు ఎవరూ ముందుకు రానప్పుడు, ఆ గడిలో ఒక స్త్రీ సంతకమో వేలిముద్రో కనబడుతుంది. 1980 జూన్ నెలలో ఆరవ తరగతిలో చేరిన ఒక బాలిక పేరు ఎదుట ఒత్తి ఒత్తి వ్రాసిన తెలుగు సంతకం ఒకటి ఉన్నది. అది మా అమ్మ సంతకం.

ముందుగా మన సీమను గూర్చి రెండు మాటలు. హోసూరు, బాగలూరు, బేరికె, సూళగిరి, వేపనపల్లి, ఇటు కుప్పం, అటు మాలూరు, కోలారు — ఈ మెట్టనేలనంతటినీ పెద్దలు మొరసునాడు అన్నారు. దిగువన కృష్ణగిరి వైపు భూమి బారామహలు. శ్రీరంగపట్టణం సంధి ప్రకారం 1792లో బారామహలు కుంఫిణీవారి వశమైనది. 1799లో టిప్పు సుల్తాను మరణానంతరం హోసూరు ప్రాంతమూ వారి పాలనలోనికి వచ్చినది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయనకు సహాయకుడుగా ఉండిన థామస్ మన్రో బారామహలులో పొలం పొలం కొలిపించి, శిస్తు కట్టి, తరువాత దక్షిణదేశమంతటా పరచుకొన్న రైతువారీ పద్ధతికి ఇక్కడనే బీజం వేసినారు. నాటినుండి పట్టా అనే కాగితం మన జీవితాలలోనికి వచ్చినది. ఎవరి పేరు పట్టాలో ఉంటే వారిదే భూమి, వారిదే చరిత్ర. కలుపు తీసినవారిలో దాదాపు అందరు స్త్రీలే అయినను పట్టాలలో వారి పేర్లు లేవు.

మా తండ్రిగారి వంశానికి ఒక చరిత్ర ఉన్నది. 17వ శతాబ్ది నడుమ గండికోట గోలకొండ సైన్యాలకు లోబడిన పిమ్మట మా పెద్దలు ఎద్దులబండ్లపై దక్షిణానికి తరలివచ్చినారని ఇంటిలో చెప్పుకొనేవారు. ఇటువంటి ఐతిహ్యం ఈ ప్రాంతంలో అనేక కుటుంబాలలో ఉన్నది. అందులో ఎంత నిజమో చరిత్రకారులు తేల్చవలసినదే. మా ఇంటికి సంబంధించినంతవరకు దానికి సాక్ష్యం పిచ్చుకగుంట్లవారి నోటిమాట. కోతలు అయిన తరువాత వారు ఊరికి వచ్చి, గోత్రం చెప్పి, ఇంటిపేరు చెప్పి, తాత ముత్తాతల పేర్లను వరుసగా గానం చేసి, కళ్ళంలో చేటెడు రాగులు పుచ్చుకొని పోయేవారు.

నాకు ఎనిమిది, తొమ్మిదేండ్ల వయసున్నప్పుడు జరిగిన సంగతి. పిచ్చుకగుంట్ల పెద్దాయన పద్నాలుగు తరాలవారి పేర్లు చెప్పి ముగించి, చేట కోసం ఎదురు చూస్తున్నాడు. మా అమ్మ చేటతో నిలబడి అడిగినది:

"పద్నాలుగు మంది మగోళ్ళను చెప్తివి. శానా బాగుంది తాతా. వాళ్ళను కన్న పద్నాలుగు మంది యాడ పోయిరి?"

ఆయన నవ్వి, "ఆడోళ్ళ పేర్లు మాకు నేర్పలేదు తల్లీ, మా అబ్బ నాకు చెప్పలేదు, వాళ్ళబ్బ ఆయనకు చెప్పలేదు" అన్నాడు. మా అమ్మ రాగులు పోసినది. ఆ రాత్రి మాకు సంగటి పెట్టి, తాను గోడకానుకొని కూర్చొని, తన తల్లి వంశం మాకు చెప్పనారంభించినది. అది మొదలు మేము ఎన్నిమార్లు విన్నామో లెక్క లేదు. చివరికి మా అక్కయ్యలకు, నాకు అది ఎక్కమువలె నోటికి వచ్చినది.

ఆ వంశావళిలో పేర్లకంటే ఊళ్ళు ఎక్కువ. దీనికి కారణం ఉన్నది. పెద్దల పేరు నోటితో పలుకరాదన్నది మన మర్యాద. అత్త పేరు కోడలు పలుకదు, తల్లి పేరు కూతురు గట్టిగా పలుకదు. మెట్టినింట ఆడపడుచును పిలిచేది ఆమె పుట్టిన ఊరి పేరుతోనే — ఫలానా ఊరామె అని. ఇంటిపేరు పెండ్లితో మారిపోవును. సొంతపేరు మర్యాద చేత మరుగున పడును. మిగిలేది పుట్టిన ఊరు ఒక్కటే. కాబట్టి మా అమ్మ వంశావళి ఒక దారిపటము వంటిది. ఆమె కుప్పం సీమలో పుట్టినది. ఆమె తల్లి వేపనపల్లి వైపునుండి కుప్పం సీమకు కోడలై వచ్చినది. ఆ తల్లికి తల్లి మాలూరు ప్రాంతపు ఆడపడుచు. ఆమెకు తల్లి పుంగనూరు వైపునుండి ధాత కరువులో కాలినడకన వచ్చిన మనిషి. వీరందరి స్వంత పేర్లను మా అమ్మ మర్యాదను ప్రక్కనపెట్టి మాతో వ్రాయించినది. అవి మా ఇంటి పుస్తకంలో భద్రంగా ఉన్నవి.

ధాత కరువు మాట వచ్చినది కనుక ఇక్కడ కొంచెం ఆగవలెను. ధాతు నామ సంవత్సరంలో, అనగా 1876లో, మొదలైన ఆ కరువు 1878 వరకు దక్షిణదేశాన్ని పీడించినది. మన సేలం జిల్లా మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. 1871 జనాభా లెక్కలలో 19 లక్షలకు పైబడిన జిల్లా జనం 1881 నాటికి సుమారు 16 లక్షలకు తగ్గినదంటే ఆ ఘోరాన్ని ఊహించుకొనవచ్చును. ఆ కరువులో భర్తను, ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొని, మూడవ బిడ్డను చంకనెత్తుకొని, అడవిగడ్డలు తవ్వి తిని, మాలూరు ప్రాంతంలో ఒక సేద్యగాని ఇంట పనికి కుదిరిన స్త్రీ మా అమ్మ ముత్తవ్వ. చంకనున్న ఆ బిడ్డయే మా అమ్మకు అమ్మమ్మ. ఆ స్త్రీ నడువలేక త్రోవలో కూలబడి ఉంటే నేను ఇక్కడ నిలబడి మాట్లాడేదానను కాను. పద్నాలుగు తరాల మగవారిని చెప్పిన గానంలో ఇంత నడక నడిచిన మనిషి ఒక్కరైనా ఉన్నారో లేరో నాకు తెలియదు.

సరిగ్గా అరువది ఏండ్లకు మరల వచ్చిన ధాతు సంవత్సరంలో, 1936లో, మా అమ్మ పుట్టినది. కరువు సంవత్సరం పేరున పుట్టిన ఆడపిల్ల అని బంధువులు ఎగతాళి చేసేవారట. ఆ మాట ఆమె మనసులో ఎంతగా నాటినదో గాని, జీవితాంతం ఆమె ఇంటిలో రాగుల పాతర ఎత్తివేయలేదు. నేలలో గొయ్యి తవ్వి, మట్టితో మెత్తి, రాగులు పోసి మూసిన పాతరలో గింజ ఏండ్ల తరబడి చెడకుండా ఉండును. రాగికి పురుగు పట్టదు. పాతర తెరచినప్పుడు లోపలి చెడుగాలి పోయేవరకు ఆగి, దీపం దించి చూచి, అది ఆరకుండా ఉంటేనే మనిషిని దింపేది. "దీపం బ్రతికితే మనిషి బ్రతుకుతాడు" అని మాకు చెప్పేది. సైన్సు పాఠంలో ప్రాణవాయువును గూర్చి చెప్పేటప్పుడు ఈ ఉదాహరణను నేను నేటికీ వాడుతున్నాను.

ఆమె వీధిబడిలో మూడేండ్లు చదువుకొన్నది. పెద్దబాలశిక్ష చదివినది. కూడిక, తీసివేత, వీశ, మణుగు లెక్కలు నోటితో చేసేది. 1952లో, పదహారవ ఏట, హోసూరు తాలూకాకు కోడలై వచ్చినది. అప్పటికి పుట్టినిల్లు చిత్తూరు జిల్లా, మెట్టినిల్లు సేలం జిల్లా. రెండూ మద్రాసు రాష్ట్రమే. పెండ్లి అయిన మరుసటి ఏడు, 1953 అక్టోబరు 1వ తేదీన, ఆంధ్రరాష్ట్రం ఏర్పడి పుట్టినిల్లు వేరొక రాష్ట్రమైనది. ఆమె చెల్లెలిని ఇచ్చిన మాలూరు మైసూరు రాష్ట్రం. 1956 నవంబరు 1న భాషారాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఒక తల్లి కడుపున పుట్టినవారు మూడు రాష్ట్రాలవారైనారు. అటుపిమ్మట 1965లో సేలం నుండి విడివడి మన తాలూకా ధర్మపురి జిల్లాలో చేరినది. 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడైనది. 1973లో మైసూరు కర్ణాటకమైనది. 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లా ఏర్పడినది. ఆమె మాత్రం అదే ఇంటిలో, అదే పొయ్యి ముందర ఉన్నది. "నేను యాడికీ పోలేదు, జిల్లాలే నా ఇంటి మీదుగా పోతాండాయి" అని నవ్వేది.

ఈ సరిహద్దులను ఆమె లెక్కచేయలేదు. కుప్పంలో తెలుగు, మాలూరు సంతలో కన్నడం, హోసూరు కచేరిలో తమిళం మాట్లాడేది. మూడు భాషలలో బేరమాడగల మనిషి. ఇంటిలో మాత్రం తెలుగు తప్ప వేరు మాట లేదు.

ఇక ఆమె పట్టుదలను గూర్చి. 1977లో మా నాయన కాలం చేసినారు. అమ్మకు నలుబది ఒకటవ ఏడు. ఐదుగురు బిడ్డలం. నేను కడగొట్టుదానను. కర్మకాండ ముగిసిన మూడవనాడే భూమి మాట వచ్చినది. మగదిక్కు లేని ఇంటికి భూమి ఎందుకు, పెద్దవారి పేరుననే ఉంటే కుటుంబానికి కావలసినది వారే చూచుకొందురు గదా అని దగ్గరివారే అన్నారు. వారు దుర్మార్గులు కారు. ఆనాటి లోకరీతి అది. రచ్చకట్ట వద్ద పదిమందిని కూర్చోబెట్టినారు. ఆడవారు రచ్చకట్ట వద్దకు పోరాదన్న ఆచారాన్ని కాదని మా అమ్మ అక్కడికి వెళ్ళినది. కూర్చోలేదు, వేపచెట్టు నీడన నిలబడినది.

"బావా, మీరు పెద్దోళ్ళు. మీ మాట నేను ఎప్పుడూ తీసెయ్యలేదు. నా పెనిమిటి భాగం నా పేరున రాయించండి. ఇంక దేనికీ మీ గడప తొక్కి అడిగేదాన్ని కాను" అన్నది.

ఆమెకు చట్టం తెలియదు. కానీ చట్టం ఆమె పక్షాననే ఉన్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం విధవకు బిడ్డలతో సమానంగా భాగమిచ్చినది. స్త్రీకి వచ్చిన ఆస్తిపై ఆమెకు జీవితకాలపు అనుభవం మాత్రమే గాక సంపూర్ణ హక్కునిచ్చినది. ఈ సంగతి తాలూకా కచేరి ముందు అర్జీలు వ్రాసే ఒక వృద్ధుడు ఆమెకు చెప్పినాడు. ఆనాటినుండి పదునొకండు నెలలు ఆమె హోసూరుకు తిరిగినది. కొన్ని రోజులు ఒక సంతకానికై ప్రొద్దున వెళ్ళి సాయంకాలం ఒట్టిచేతులతో తిరిగి వచ్చేది. చివరకు నాలుగు ఎకరాల మెట్ట, ఒక బావి ఆమె పేరున పట్టా అయినవి. ఆ సంవత్సరం కోసిన మొదటి రాగులు ఒక మూటకట్టి, తనను ఎదిరించిన ఆ బావగారింటికే పంపినది. "భూమి కోసం కొట్లాడినా, మనుషులను పోగొట్టుకోను" అన్నది. నేటికీ ఆ ఇంటికి, మా ఇంటికి రాకపోకలున్నవి.

నాలుగు ఎకరాల మెట్టతో ఐదుగురు బిడ్డలు బ్రతుకలేరు. మన హోసూరు, డెంకణికోట ప్రాంతాల చల్లని వాతావరణం పట్టుపురుగుల పెంపకానికి అనుకూలము. ఆమె ఒక ఎకరంలో మల్బరీ నాటినది. పురుగులు గ్రుడ్డునుండి వెలువడి, నాలుగు జ్వరాలు దాటి, గూడు కట్టేందుకు నాలుగు వారాలు పట్టును. ఆఖరి వారంలో రాత్రింబవళ్ళు ఆకు వేయవలెను. నిశిరాత్రి ఆ పురుగులు ఆకు తినే చప్పుడు చిరుజల్లు కురిసినట్లు వినబడేది. తెల్లవారుజామున మేము ఆకు కోసి, తట్టలు శుభ్రం చేసి, అటుపిమ్మట బడికి నడిచేవారము. చంద్రికలనుండి గూళ్ళు ఒలిచి మూటకట్టుకొని అమ్మ స్వయంగా మార్కెట్టుకు పోయేది. పంట కుదిరిన నెల పుస్తకాలు వచ్చేవి. పురుగుకు రోగం తగిలిన నెల పాత పుస్తకాలకు అట్టలు వేసికొనేవారము.

నేను ఏడవ తరగతికి వచ్చేసరికి, ఇక చదువు చాలునన్నవారు చాలామంది. అప్పుడే హోసూరు పారిశ్రామికవాడలో కర్మాగారాలు వెలసినవి. అశోక్ లేలాండు, టి.వి.ఎస్. వంటి సంస్థలు వచ్చినవి. చదువుకొన్నవారికి పనులున్నవని, కాని అందుకు తెలుగు చదువు ఎందుకు పనికివస్తుందని కొందరు హితవు చెప్పినారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆ ప్రశ్న ఈ సభలో కూర్చున్న ప్రతి తల్లిని, ప్రతి తండ్రిని నేటికీ వేధిస్తున్నదే. మా అమ్మ ఇచ్చిన సమాధానం నాకు బాగా గుర్తు.

"తమిళం నేర్చుకోనీ, ఇంగ్లీషు నేర్చుకోనీ, ఎన్నైనా నేర్చుకోనీ. కానీ బడిలో చదివింది రాత్రి వచ్చి నాకు చెప్పాల. నాకు చెప్పలేని చదువు నాకొద్దు."

ఆ నియమం ప్రకారం ప్రతి రాత్రి ఆమె పాత్రలు కడుగుతూ ఉంటే నేను ఆనాటి పాఠాలు చెప్పేదానను. చరిత్ర, భూగోళం, గుండెకు ఎన్ని గదులో, గ్రహణం ఎట్లా పట్టునో — అన్నీ విన్నది. అర్థం కానిచోట "మళ్ళీ చెప్పు" అనేది. ఉపాధ్యాయ శిక్షణలో నేను నేర్చుకొన్న బోధనా పద్ధతులకన్న ముందే, అర్థమయ్యేటట్లు చెప్పడమంటే ఏమిటో ఆ "మళ్ళీ చెప్పు" నాకు నేర్పినది. అమ్మకు అర్థమయ్యే భాషలో బడి నడిచినందుననే అది సాధ్యమైనది. మాతృభాషా బోధనను గూర్చి నేను చెప్పగల వాదమంతా ఇంతే.

ఆమె పట్టుదలలో నాకు అన్నిటికంటె గొప్పగా తోచేది వేరొకటి ఉన్నది. కుమార్తెలకు పిత్రార్జితంలో కుమారులతో సమాన హక్కునిస్తూ 1985 సెప్టెంబరు నుండి అమలులోనికి వచ్చేటట్లు ఆంధ్రప్రదేశ్ చట్టం చేసినది. అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారు. ఆ వార్త పుట్టినింటివారి ద్వారా మా అమ్మ చెవిని పడినది. 1989 మార్చి నుండి తమిళనాడులోను అటువంటి చట్టమే అమలైనది. అయితే దానిలో ఒక నియమం ఉండినది. ఆ తేదీకి ముందే పెండ్లి అయిన కుమార్తెలకు ఆ హక్కు వర్తించదు. మా ఇంటిలో నాకు వర్తించును, మా ఇద్దరు అక్కయ్యలకు వర్తించదు. ఈ విషయం నేను చదివి వినిపించినాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఒకే చెట్టు కాయలకు రెండు తక్కెడలా?" అన్నది. 1991లో తన పేరున ఉన్న భూమిని ఐదు భాగాలు చేసి, ఇద్దరు కొడుకులకు, ముగ్గురు కూతుళ్ళకు సమంగా వ్రాసి రిజిస్టరు చేయించినది. మా అన్నయ్యలు మొదట నొచ్చుకొన్నారు. ఆమె ముఖం చూచి సంతకాలు చేసినారు. పెండ్లి అయిన కుమార్తె, కాని కుమార్తె అనే భేదం లేకుండా దేశమంతటికీ చట్టం వచ్చినది 2005లో. కేంద్ర చట్టం చెప్పిన మాటను మూడేండ్ల వీధిబడి చదువుతో మా అమ్మ పద్నాలుగేండ్ల ముందే చెప్పినది.

ఆమెను దేవతగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. ఆమెతో కాపురం చేయడం సులభం కాదు. మెచ్చుకోలు ఆమె నోట అరుదు. కోడళ్ళు ఆమె మాటకు కంటనీరు పెట్టుకొన్న రోజులున్నవి. జబ్బు చేస్తే ఆసుపత్రికి రానని భీష్మించేది. పట్నంలో ఎవరింటా రెండు రోజులకు మించి ఉండలేదు. ఊరిలో ఆమెను "మొండిది" అనేవారు. ఈ మాటను గూర్చి నేను చాలా ఆలోచించినాను. అనుకొన్న పనిని విడువక సాధించిన పురుషుని పట్టుదల గలవాడంటాము. అదే పని చేసిన స్త్రీని మొండిది అంటాము. గుణం ఒక్కటే, పేర్లు రెండు. విద్యార్థినులు ఈ భేదాన్ని గుర్తుంచుకొనవలెను. 2017లో, ఎనుబది ఒకటవ ఏట, ఆ ఇంటిలోనే, తన చాపమీదనే ఆమె కన్నుమూసినది.

తల్లిని ముందునిడి వంశాన్ని చెప్పడం మన జాతికి క్రొత్త కాదు. తెలుగునేల నేలిన శాతవాహనులు గౌతమీపుత్రుడని, వాసిష్ఠీపుత్రుడని తల్లుల పేర్లను తమ పేర్లకు ముందు ధరించినారు. గౌతమీపుత్ర శాతకర్ణి ఘనతను మనకు చెప్పే నాసిక్ శాసనం వేయించినది ఆయన తల్లి గౌతమీ బాలశ్రీయే. మన కాలానికి దగ్గరగా చూస్తే, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు భర్త పోయిన తరువాత ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి కొడుకును చదివించినారు. పంతులుగారు "నా జీవిత యాత్ర"లో ఆ సంగతి దాచక వ్రాసినారు. అట్లు చదివిన బిడ్డ 1946లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి, 1953లో ఆంధ్రరాష్ట్రానికి ప్రథమ ముఖ్యమంత్రి అయినారు. తల్లి చేసిన పని ఆయన వ్రాసినందున మనకు తెలిసినది. మన హోసూరు ప్రక్కనున్న తొరపల్లిలో 1878లో పుట్టి స్వతంత్ర భారత గవర్నరు జనరల్ పదవిని అలంకరించిన రాజాజీని గూర్చి మన పిల్లలందరికీ తెలుసు. ఆయన తండ్రి తొరపల్లి మునసబు అనియు చెప్పగలరు. తల్లి పేరు సింగారమ్మ అని చెప్పగల బిడ్డలు ఎందరు?

ఇక మన బడి సంగతి. ఈ ప్రాంతంలో తెలుగు మాధ్యమ పాఠశాలలు నడపడం నానాటికి కష్టమవుతున్నదని పూర్వ విద్యార్థులకు తెలియనిది కాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో తమిళం మన పిల్లలకు తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఉన్న రాష్ట్రపు భాషను నేర్చుకోవడం మంచిదే. మూడు భాషలలో బేరమాడిన తల్లుల బిడ్డలము, మనకు వేరొక భాష భారం కారాదు. అయితే ఆ భాష వచ్చినందువలన ఈ భాష పోనక్కరలేదు. ఈ సీమలో తెలుగును మూడు వందల ఏండ్లకు పైగా నిలబెట్టినది ఏ రాజాజ్ఞయో కాదు. కుప్పంనుండి, మాలూరునుండి, వేపనపల్లినుండి కోడళ్ళై వచ్చిన ఆడపడుచులు ఉయ్యాలవద్ద, తిరగలివద్ద, పొయ్యివద్ద నిలబెట్టినారు. వారి పేర్లు ఏ పట్టాలోను లేవు. భాష పోతే వారి ఆనవాలు సంపూర్ణంగా పోవును.

నేటి ప్రవేశ పట్టికలలో తల్లి పేరుకు గడి వచ్చినది. సంతోషమే. కాని గడి నిండినంత మాత్రాన చరిత్ర నిండదు. అందుచేత ఈ జూబ్లీ సంవత్సరంలో ఒక చిన్న కార్యాన్ని తలపెట్టినాము. ప్రతి విద్యార్థి, ప్రతి విద్యార్థిని తమ మాతృవంశాన్ని తెలిసినంతవరకు ఒక కాగితంపై తెలుగులో వ్రాసి తేవలెను. అవ్వనో, అమ్మమ్మనో కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడుగవలెను. నీ పేరేమి? నీవు పుట్టిన ఊరేది? నీ తల్లి, ఆమె తల్లి ఏ ఊరినుండి వచ్చినారు? నీవు చేసిన పనులలో ఎవరికీ చెప్పనిది ఏది? సంవత్సరం తెలియనివారు ఏ కరువులోనో, ఏ ఆనకట్ట కట్టిన ఏటనో అని చెప్పుదురు. అట్లే వ్రాయండి. ఆ కాగితాలన్నిటిని కుట్టించి మన గ్రంథాలయంలో ఉంచెదము. పూర్వ విద్యార్థులు కూడ పంపవచ్చును. ఎనుబదేండ్లు దాటిన పెద్దలున్న ఇండ్లవారు ఆలస్యం చేయవద్దని నా ప్రత్యేక మనవి. పిచ్చుకగుంట్లవారి గానం నేడు ఏ ఊరిలోనో తప్ప వినబడదు. ఇక ఆ పని మనమే చేసికొనవలెను.

తల్లిదండ్రులకు మరొక్క విన్నపం. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేయదు. ఇంటిలో తెలుగు మాట్లాడండి. రాత్రి పూట పది నిమిషములు బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని ఆనాటి పాఠం మీకు చెప్పమనండి. మీకు చదువు రాకపోయినను ఫరవాలేదు. అర్థం కాకుంటే "మళ్ళీ చెప్పు" అనండి. ఏ ట్యూషనుకన్నను అది మిన్న.

డెబ్బది ఐదేండ్లుగా ఈ బడిని నిలబెట్టిన వ్యవస్థాపకులకు, దాతలకు, నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న ప్రధానోపాధ్యాయులకు, చదువు చెప్పిన నా గురువులకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పట్టికలో గడి లేని కాలంలో కూడ తమ బిడ్డలను చేయిపట్టుకొని ఈ గేటు వరకు నడిపించి, బయటనే నిలబడి, లోపలికి పోయేవరకు చూచి వెనుదిరిగిన తల్లులందరికీ ఈ ఉత్సవం అంకితం కావలెనని కోరుచున్నాను.

శుభం భూయాత్.